బ్రెయిన్ డెత్ తర్వాత వెంటిలేటర్: కుటుంబానికీ ఆసుపత్రికీ మధ్య వచ్చే తగవుల్లో అపోహలు, వాస్తవాలు

చెన్నైలోని పెద్ద ఆసుపత్రుల ఐసీయూల ముందు రాత్రంతా కూర్చునేవారిలో తెలుగువారు ఎప్పుడూ కొందరుంటారు. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో బైకు ప్రమాదంలో తలకు గట్టి దెబ్బ తగిలినా, మెదడులో రక్తనాళం చిట్లినా ‘మద్రాసు తీసుకెళ్లండి’ అనడం ఈనాటికీ మామూలే. అలా వచ్చినవారిలో కొందరి మెదడు పూర్తిగా, శాశ్వతంగా పనిచేయడం మానేస్తుంది. దీన్నే బ్రెయిన్ డెత్ అంటారు. ఆ సంగతి చెప్పిన రోజు నుంచే కొన్ని కుటుంబాలకూ ఆసుపత్రికీ తగవు మొదలవుతుంది. ఐసీయూ వైద్యుడిగా అలాంటి తగవుల్లో చాలాసార్లు మధ్యన కూర్చున్నాను. ఇరుపక్షాలకూ స్పష్టంగా తెలియాల్సిన కొన్ని విషయాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గుండె కొట్టుకుంటోంది, ఒళ్లు వెచ్చగా ఉంది, కాబట్టి ప్రాణం ఉంది.

‘ఒళ్లు ఎచ్చగా ఉండాది గదా సార్, పోయినాడని ఎట్లంటారు?’ అని అడిగే తండ్రిది అమాయకత్వం కాదు. మరణాన్ని మనమందరం చేత్తో తాకి, ముక్కు దగ్గర వేలు పెట్టి గుర్తించడమే నేర్చుకున్నాం కాబట్టి ఆయన ప్రశ్న సబబైనదే, దానికి ఓపికగా జవాబు చెప్పడం వైద్యుడి బాధ్యత.

వాస్తవం ఏమిటంటే, గుండెకు కొట్టుకోమని ఆజ్ఞ మెదడు నుంచి రాదు. ఆ విద్యుత్ స్పందన గుండెలోనే, సైనస్ నోడ్ అనే చోట పుడుతుంది. మెదడు నుంచి వచ్చే నరాలు దాని వేగాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి, అంతే. ఆక్సిజన్ అందుతున్నంతసేపు గుండె తన పని తాను చేసుకుపోతుంది. శ్వాస సంగతి వేరు. ఊపిరి తీసుకోమనే ఆజ్ఞ మెదడు అడుగుభాగంలోని బ్రెయిన్ స్టెమ్ నుంచే వస్తుంది. పుర్రె సాగని ఎముక గూడు కనుక, దెబ్బ వల్లనో రక్తస్రావం వల్లనో మెదడు వాచినప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి పెరిగి రక్తపోటును మించిపోతుంది. అప్పుడు మెదడుకు రక్తం ఎక్కడం ఆగిపోతుంది, బ్రెయిన్ స్టెమ్ నలిగిపోతుంది. వెంటిలేటర్లు లేని కాలంలో అక్కడితో శ్వాస, మరికొన్ని నిమిషాల్లో గుండె ఆగిపోయేవి. యంత్రం వచ్చాక మెదడు ఆగడానికీ గుండె ఆగడానికీ మధ్య ఎడం ఏర్పడింది. ఆ స్థితిని 1959లో మోలారె, గూలాన్ అనే ఫ్రెంచి వైద్యులు మొదట వర్ణించగా, 1968లో హార్వర్డ్ కమిటీ దాన్ని నిర్ధారించే ప్రమాణాలను ప్రకటించింది. మన దేశంలో 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం బ్రెయిన్ స్టెమ్ డెత్‌ను మరణంగా గుర్తించింది.

అపోహ: ఇద్దరు డాక్టర్లు చూసి, స్కాన్ తీసి తేల్చేస్తారు.

స్కాన్ కారణాన్ని చూపుతుంది, మరణాన్ని తేల్చదు. చట్టం ప్రకారం ధ్రువీకరించే బోర్డులో నలుగురు వైద్యులుంటారు. వారు ఆసుపత్రి వైద్య బాధ్యుడు, అధికారులు ఆమోదించిన జాబితా నుంచి తీసుకున్న ఒక స్వతంత్ర నిపుణుడు, న్యూరాలజిస్టు లేదా న్యూరోసర్జన్, రోగికి చికిత్స చేస్తున్న వైద్యుడు. న్యూరో నిపుణులు దొరకని చోట సర్జన్, ఫిజీషియన్, మత్తు వైద్యుడు లేదా ఐసీయూ నిపుణుడు ఆ స్థానంలో ఉండవచ్చని 2011 సవరణ చెప్పింది. అవయవ మార్పిడి బృందంలోని వారెవరూ ఇందులో ఉండకూడదు. కనీసం 6 గంటల వ్యవధితో పరీక్షలన్నీ రెండుసార్లు చేయాలి.

ఆ పరీక్షల్లో కంటిపాపల మీద వెలుగు వేసి చూస్తారు. నల్లగుడ్డును దూదితో తాకుతారు. కనుబొమ్మ పైనున్న ఎముకను గట్టిగా నొక్కుతారు. చెవుల్లో ఐసు నీళ్లు పోసి కళ్లు కదులుతాయేమో చూస్తారు. గొట్టం గుండా గొంతులో, శ్వాసనాళంలో కదిలించి, దగ్గు వస్తుందేమో గమనిస్తారు. చివరిది ఆప్నియా టెస్ట్. ముందుగా కొంతసేపు నూరు శాతం ఆక్సిజన్ ఇచ్చి, రక్తంలో వాయువుల నమూనా తీసుకుని, వెంటిలేటర్‌ను విడదీస్తారు. సన్నటి గొట్టంతో ఆక్సిజన్ మాత్రం అందుతూనే ఉంటుంది. శ్వాస ఆడకపోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఊపిరి తీసుకోమని శరీరాన్ని తొందరపెట్టడంలో దాన్ని మించినది లేదు. సుమారు 8 నుంచి 10 నిమిషాల తర్వాత మళ్లీ నమూనా తీస్తే ఆ వాయువు ఒత్తిడి 60 మిల్లీమీటర్లు దాటి ఉండాలి. అంత ఒత్తిడి పెరిగినా ఛాతీ గానీ పొట్ట గానీ ఒక్కసారి కూడా పైకి లేవకపోతేనే పరీక్ష పూర్తయినట్టు. మధ్యలో రక్తపోటు గానీ ఆక్సిజన్ గానీ పడిపోతే ఆపేయాలి.

కుటుంబం ఒప్పుకుంటే, వారిలో గుండెనిబ్బరం ఉన్న ఒకరిని ఈ పరీక్ష సమయంలో మంచం పక్కన నిలబడమంటాను. దుప్పటి తొలగించిన ఆ ఛాతీ మీద అందరి చూపూ ఉంటుంది. అలారాలు ఆపి ఉంటాయి కనుక గదిలో వెంటిలేటర్ చప్పుడు కూడా ఉండదు. తమ్ముడో, బావమరిదో ఆ పది నిమిషాలు కన్నార్పకుండా చూసి బయటికి వెళ్లి, తనవారికి తన మాటల్లో చెబుతాడు. మేము గంటసేపు వివరించినా నమ్మనివారు ఆయన మాట నమ్ముతారు. ప్రతి ఐసీయూ ఈ అవకాశం ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. చూడలేమన్నవారిని బలవంతపెట్టకూడదన్నది కూడా అంతే ముఖ్యం.

అపోహ: బ్రెయిన్‌డెడ్ అన్నవాళ్లు లేచి కూర్చున్నారని వార్తల్లో వచ్చింది కదా.

ఇలాంటి వార్తలను కొట్టిపారేయడం కంటే విడమరచి చూడటం మేలు. మన ప్రాంతాలకు బాగా పరిచయమున్న కట్లపాము, నాగుపాము కాటు వల్ల కండరాలు పూర్తిగా చచ్చుబడినప్పుడు, రోగి కళ్లు తెరవలేడు, కదలలేడు, శ్వాస తీసుకోలేడు. కంటిపాపలు కూడా స్పందించకపోవచ్చు. చూపులకు అచ్చం బ్రెయిన్ డెత్‌లాగే ఉంటుంది, కానీ మెదడు భేషుగ్గా ఉంటుంది. వెంటిలేటర్ మీద కొన్ని రోజులు కాపాడితే అతను లేచి ఇంటికి వెళతాడు. పురుగుమందు తాగినవారిలో, నిద్రమాత్రలు ఎక్కువగా మింగినవారిలో, శరీరం బాగా చల్లబడినవారిలో కూడా ఇలాంటి పోలిక కనిపిస్తుంది. అందుకే పరీక్షలు మొదలుపెట్టకముందే, మెదడు దెబ్బతినడానికి తిరుగులేని కారణం తెలిసి ఉండాలనీ, మత్తుమందులు, కండరాలను సడలించే మందులు, విషాలు, లవణాల తేడాలు, శరీర ఉష్ణోగ్రత తగ్గుదల లేవని రూఢి చేసుకోవాలనీ నియమం. కారణం తెలియని కోమాలో బ్రెయిన్ డెత్ అనే మాటే ఎత్తకూడదు. రోగి బంధువుగా మీరు అడగదగిన మొదటి ప్రశ్న కూడా ఇదే: ‘ఏ కారణం వల్ల ఈ స్థితి వచ్చింది, మత్తుమందులు ఎప్పుడు ఆపారు?’

కదలికలది ఇంకో సంగతి. నిర్ధారణ అయిన తర్వాత కూడా కాలివేళ్లు ముడుచుకోవడం, మోకాలు కదలడం, అరుదుగా రెండు చేతులూ లేచి ఛాతీ మీదికి రావడం జరుగుతాయి. ఇవి వెన్నుపాము ప్రతిచర్యలు. వెన్నుపాముకు రక్తప్రసరణ ఆగలేదు కాబట్టి, మెదడు ప్రమేయం లేకుండానే జరుగుతాయి. వీటి గురించి ముందే చెప్పని ఆసుపత్రిలో, అర్ధరాత్రి అక్క చేయి కదిలిందని చెల్లెలు కేక పెడితే, ఆ తర్వాత వైద్యులు చెప్పే ఏ మాటకూ విలువ ఉండదు.

అపోహ: బ్రెయిన్ డెత్, కోమా ఒకటే.

కావు. కోమాలో బ్రెయిన్ స్టెమ్ ఎంతో కొంత పనిచేస్తుంది, కోలుకునే అవకాశం ఉంటుంది. శాశ్వత అచేతన స్థితిలో ఉన్నవారు యంత్రం లేకుండానే శ్వాసిస్తారు, కళ్లు తెరుస్తారు. ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ 42 ఏళ్లు ఆ స్థితిలోనే బతికి 2015లో కన్నుమూశారు. ఆమెది బ్రెయిన్ డెత్ కాదు.

అపోహ: చనిపోయారని చెప్పిన తర్వాత కూడా వెంటిలేటర్ తీయడం లేదంటే అది బిల్లు కోసమే.

మా దగ్గర అత్యంత చేదుగా మారే తగవు ఇదే. పొలం తాకట్టు పెట్టి వచ్చిన కుటుంబం ‘పోయినాడని మీరే అంటిరి, మరి మిషన్ ఎందుకు తీయరు?’ అని అడుగుతుంది. ఆసుపత్రి ‘అవయవదానానికి ఒప్పుకుంటే సరే, లేకపోతే మేము తీయలేం’ అంటుంది. ఈ జవాబు వినేవారికి అది బేరంలా అనిపించడంలో వింతేమీ లేదు.

అసలు చిక్కు చట్టంలో ఉంది. 1994 చట్టం బ్రెయిన్ స్టెమ్ డెత్‌ను నిర్వచించింది, మరణించిన వ్యక్తి అనే నిర్వచనంలో దాన్ని చేర్చింది. కానీ ఆ చట్టం పుట్టిందే అవయవ మార్పిడి కోసం. మరణాల నమోదుకు ఆధారమైన 1969 చట్టం ‘జీవలక్షణాలన్నీ శాశ్వతంగా అంతరించడం’ అని మాత్రమే అంటుంది, బ్రెయిన్ డెత్ ఊసెత్తదు. దాంతో కుటుంబం దానానికి ఒప్పుకుంటే రెండో పరీక్ష పూర్తయిన సమయమే సాధారణంగా మరణ సమయం అవుతుంది. ఒప్పుకోకపోతే గుండె ఆగేదాకా ఆ మనిషిని కాగితం మీద రోగిగానే ఉంచే ఆసుపత్రులు అనేకం. రేపు ఎవరైనా కేసు పెడితే ఏమవుతుందన్న భయమే ఇందుకు కారణం. అయితే ఆ భయం తాలూకు ఖర్చు మాత్రం కుటుంబం మీద పడుతోంది. మరణం మరణమే. అవయవాలు ఇచ్చినవారికి ఒక గడియ, ఇవ్వనివారికి మరో గడియ ఉండటం అన్యాయమని నేను నమ్ముతున్నాను. కేరళ ప్రభుత్వం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు దానంతో ముడిపెట్టకుండా బ్రెయిన్ డెత్ ధ్రువీకరణకూ, వెంటిలేటర్ తొలగింపుకూ దారి చూపాయి. మిగతా రాష్ట్రాలూ ఆ స్పష్టత ఇవ్వాలి.

కేరళ బయట ఉన్నవారికీ ఒక దారి ఉంది. ఫలితం లేని ప్రాణాధార చికిత్సను ఉపసంహరించడానికి 2018లో సుప్రీంకోర్టు అనుమతించింది, 2023 జనవరిలో ఆ విధానాన్ని సులభతరం చేసింది. ఆసుపత్రిలో చికిత్స చేస్తున్న వైద్యుడు, కనీసం 5 ఏళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు కలిసిన ప్రాథమిక బోర్డు, ఆపైన జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించిన వైద్యుడు ఉండే రెండో బోర్డు, కుటుంబ సమ్మతితో నిర్ణయం తీసుకుంటాయి. ఒక్కో బోర్డు 48 గంటల్లోగా అభిప్రాయం చెప్పడం మేలని కోర్టు సూచించింది. అమలుకు ముందు మేజిస్ట్రేటుకు సమాచారం ఇస్తారు. కర్ణాటక 2025 జనవరిలో దీని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది కాబట్టి, బెంగళూరులో ఉన్నవారు కూడా ఈ బోర్డుల గురించి ఆసుపత్రిని అడగవచ్చు. అడగనిదే చెప్పని ఆసుపత్రులు ఉన్నాయి కనుక రాతపూర్వకంగా అడగండి.

అపోహ: అవయవాల కోసమే తొందరగా చనిపోయారని రాసేస్తారు.

అధికారం లేకుండా అవయవం తీస్తే 10 ఏళ్ల వరకు జైలు, 20 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే చట్టం ఉంది. తమిళనాడులో అవయవాల కేటాయింపు ట్రాన్స్‌టాన్ అనే ప్రభుత్వ సంస్థ నిరీక్షణ జాబితా ప్రకారం చేస్తుంది. దాత ఉన్న ఆసుపత్రిలో మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవారికి కొంత ప్రాధాన్యం ఉన్న మాట నిజమే, దాన్ని దాచిపెట్టడం వల్లే అనుమానం పెరుగుతుంది. దాత శరీరాన్ని నిలబెట్టడానికీ, అవయవాల సేకరణకూ అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద వేయకూడదని 2014 నియమాలు చెబుతున్నాయి. అంతకు ముందటి చికిత్స బిల్లు వేరు, కాబట్టి రెండిటినీ విడివిడిగా రాసిమ్మని అడగండి.

ఇక ఆసుపత్రులకు ఒక మాట. మరణవార్త చెప్పిన నోటితోనే దానం గురించి అడగకూడదు. ముందు ఆ కుటుంబానికి ఏడవడానికి, పెద్దవాళ్లు ఊరి నుంచి రావడానికి వ్యవధి ఇవ్వాలి. ఆ తర్వాత వేరే మనిషి, వారి భాషలో మాట్లాడగల సమన్వయకర్త, ఆ మాట ఎత్తాలి. చనిపోయారని నిర్ధారించిన మర్నాడు ‘ఈరోజు బీపీ స్టేబుల్‌గా ఉంది’ అని నర్సు చెప్పే మాట కూడా తగవుకు కారణమవుతుంది.

అపోహ: డబ్బు పెడితే ఎన్నాళ్లైనా ఉంచవచ్చు, ఏదో ఒకనాడు మార్పు రావచ్చు.

మెదడు పోయాక రక్తపోటు నిలవదు, మూత్రం విపరీతంగా పోతుంది, ఉష్ణోగ్రత పడిపోతుంది. ఎక్కువ మందిలో ఎంత మందులిచ్చినా కొన్ని గంటల్లో లేదా రోజుల్లో గుండె ఆగిపోతుంది. అరుదుగా ఎక్కువ కాలం నిలిచిన సందర్భాలు లేకపోలేదు. 2013 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో గొంతు శస్త్రచికిత్స తర్వాత బ్రెయిన్ డెత్ ప్రకటించిన 13 ఏళ్ల బాలికను, ఆమె తల్లి కోర్టులో పోరాడి, మతపరమైన అభ్యంతరాన్ని చట్టం మన్నించే న్యూజెర్సీకి తరలించింది. 2018 జూన్ వరకు ఆ శరీరం యంత్రం మీద ఉంది. ఆ బాలిక స్థితిపై నరాల నిపుణుల్లోనే వాదోపవాదాలు నడిచాయి, కానీ ఆమె తిరిగి స్పృహలోకి రాలేదు. ప్రమాణాల ప్రకారం సరిగ్గా నిర్ధారించిన తర్వాత ఎవరైనా కోలుకున్నారన్న ఆధారం వైద్యశాస్త్రం ముందు లేదు.

అపోహ: ఊపిరి ఉండగానే ఊరికి తీసుకెళ్లడం మంచిది.

ఇంట్లోనే ప్రాణం పోవాలన్న కోరికను నేను గౌరవిస్తాను. వైద్య సలహాకు వ్యతిరేకంగా అని సంతకం పెట్టి, చేత్తో నొక్కే గాలి సంచితో అంబులెన్సులో బయలుదేరితే, చాలామంది విషయంలో రాష్ట్ర సరిహద్దులోని తడ ఊరు దాటేలోపే గుండె ఆగిపోతుంది. వ్యాధి వల్ల వచ్చిన మరణమైతే అక్కడితో ఆగుతుంది. రోడ్డు ప్రమాదమైతే ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. పోస్టుమార్టం జరగకుండా అంత్యక్రియలు చేస్తే పోలీసు కేసు, మోటారు ప్రమాద ట్రిబ్యునల్‌లో పరిహారం, బీమా, అన్నిటికీ కీలకమైన కాగితం లేకుండా పోతుంది. ఆ ఇంట్లో చిన్న పిల్లలుంటే ఆ నష్టం వారిదే. కాబట్టి ప్రమాద కేసుల్లో బయలుదేరే ముందు ఆసుపత్రిలోని పోలీసు అవుట్‌పోస్టుకు చెప్పండి, ఎఫ్ఐఆర్ నంబరు రాసుకోండి, బోర్డు సంతకాలున్న పరీక్షల పత్రాల నకళ్లు తీసుకోండి. సూర్యాస్తమయం తర్వాత పోస్టుమార్టం చేయరన్నది పాత మాట. తగిన వసతులున్న ఆసుపత్రుల్లో రాత్రివేళ కూడా చేయవచ్చని 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇచ్చింది, హత్య, ఆత్మహత్య, అత్యాచారం వంటి అనుమానం ఉన్న కేసులకు మినహాయింపు ఉంది. బిల్లు బాకీ ఉందని భౌతికకాయాన్ని ఆపకూడదని జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. ఆ సంగతి బిల్లింగ్ కౌంటరులో గుర్తుచేయడానికి వెనుకాడవద్దు.