రొయ్యల కంటైనర్ ఆలస్యం ఎక్కడ మొదలవుతుంది?

విశాఖ పోర్టును కట్టింది ఆగినా పాడవని సరుకు కోసం. 1933లో మొదలైనప్పుడు ముఖ్యమైన ఎగుమతి మాంగనీసు. 1976లో ఔటర్ హార్బర్ కట్టింది ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని పెద్ద ఓడల్లోకి ఎత్తడానికి. ఖనిజం యార్డులో నెల రోజులు పడున్నా ఖనిజమే. కంటైనర్ టెర్మినల్ 2003లో వచ్చింది. 1990ల మధ్యలో టైగర్ రొయ్యను తెల్లమచ్చ తెగులు ముంచాక, 2009లో కేంద్రం వనామీ రకం రొయ్యకు అనుమతిచ్చింది. ఆ తర్వాతే రొయ్యల జోరు పెరిగింది, ఓడ ఆలస్యమైన ప్రతి రోజుకూ ఖరీదు కట్టాల్సి వచ్చింది.

అయితే తప్పంతా పోర్టుదే అనడం సరికాదు. చిక్కు చాలాసార్లు చెరువు గట్టునే పడుతుంది. తెగులు జాడ కనబడినా, ధర పడుతుందని వినబడినా చుట్టుపక్కల రైతులంతా ఒకేసారి పట్టుబడికి దిగుతారు. 50 కౌంట్‌కు (కిలోకు 50 రొయ్యలు తూగే సైజుకు) రావాల్సిన రొయ్య 100 కౌంట్‌లోనే, చిన్నగా ఉండగానే బయటికొస్తుంది. కిలో రొయ్యకు కిలో ఐసు పడాలి. ఆ వారం ఐసు దొరకదు, తలలు నల్లబడతాయి. పట్టుబడికి ముందు చేయించాల్సిన యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షకూ తీరిక ఉండదు. (యూరప్ 2016లో మన ఆక్వా సరుకులో పరీక్షించే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. ఇక్కడ మిగిలిన పని అక్కడి రేవులో నిలబడి తీరుతుంది.) చివరికి కోల్డ్ స్టోరేజీ నిండా సరుకుంటుంది, ఆర్డరుకు సరిపడే సైజు మాత్రం ఉండదు.

తర్వాతిది రీఫర్, అంటే చల్లగా ఉంచే కంటైనర్. అది సరుకును గడ్డకట్టించే యంత్రం కాదు, ఉన్న చలిని నిలిపేది మాత్రమే. ప్లాంటులోనే కార్టన్ లోపల మైనస్ 18 డిగ్రీలు రావాలి. మైనస్ 12 దగ్గర ఎక్కించి సెట్టింగు మైనస్ 18 పెడితే డిస్‌ప్లే బాగానే చూపిస్తుంది, కార్టన్ల లోపలికి మాత్రం ఆ చలి త్వరగా చేరదు. లోపలి గోడ మీది ఎర్ర గీత దాటి పేర్చినా అంతే, గాలి తిరగదు. లోడింగప్పుడు ఈ రెండూ చూసేవాళ్లు తక్కువ.

ఖాళీ రీఫర్లు దొరకడం మరో తంటా. ఇక్కణ్నుంచి చలి సరుకు వెళ్లేది ఎక్కువ, వచ్చేది తక్కువ. కాబట్టి ఖాళీ పెట్టెలను వేరే రేవుల నుంచి తేవాలి. 2020-21లో ప్రపంచమంతటా పెట్టెలకు కరువొచ్చినప్పుడు ఇది బాగా తెలిసొచ్చింది. కొలంబో, సింగపూర్‌లలో పెద్ద ఓడకు మారే సరుకైతే అక్కడిదాకా తీసుకెళ్లే చిన్న ఓడ (ఫీడర్) ఒక్కరోజు జారినా పెద్ద ఓడ తప్పుతుంది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి, యూరప్ ప్రయాణానికి పది రోజులకు పైగా అదనం.

హుద్‌హుద్ తుపాను మరో కోణం చూపింది. 2014 అక్టోబర్ 12 తర్వాత నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు కోల్డ్ స్టోరేజీకి జనరేటర్ ఉంటే చాలదు, దానికి డీజిల్ చేరే దారీ ఉండాలి.

పెట్టె ఇక్కడ ఆగి ఉచిత గడువు దాటితే డిటెన్షన్ (పెట్టెను గడువు మించి ఉంచుకున్నందుకు), ప్లగ్ (దానికిచ్చే కరెంటుకు) చార్జీలు లెక్కకెక్కుతాయి. బిల్లు కట్టేది ఎగుమతిదారే. ఆ భారాన్ని తర్వాతి పంటకు రైతుకు చెప్పే కౌంట్ ధరలో సర్దుకుంటాడు.