అప్లికేషన్ భార్యది, రిఫండ్ భర్తది: యూకే మ్యారేజ్ అలవెన్స్ వెనక రెండు వందల ఏళ్ల కథ

యూకేలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో చాలాచోట్ల పరిస్థితి ఇలా ఉంటుంది. ఒకరికి స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉద్యోగం. రెండోవారు డిపెండెంట్ వీసా మీద వచ్చి ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ ఉంటారు, లేదా వారానికి కొన్ని గంటలు పార్ట్ టైమ్ చేస్తుంటారు. యూకేలో మామూలుగా ఒక్కొక్కరికి ఏడాదికి 12,570 పౌండ్ల వరకు ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. దీన్నే పర్సనల్ అలవెన్స్ అంటారు. ఆదాయం లేని భార్యకో భర్తకో ఆ అలవెన్స్ వృథాగా పోతుంది. అందులో 1,260 పౌండ్లను జీవిత భాగస్వామికి బదిలీ చేసుకోనిచ్చేదే మ్యారేజ్ అలవెన్స్. దానివల్ల సంపాదించేవారికి ఏడాదికి 252 పౌండ్ల దాకా ట్యాక్స్ తగ్గుతుంది. గడిచిన నాలుగు ఆర్థిక సంవత్సరాలకు కూడా అడగవచ్చు. 2021-22 నుంచి రేటు మారలేదు కాబట్టి నాలుగేళ్లకు 1,008 పౌండ్లు అవుతుంది.

ఇంత సులువైన విషయంలో అంత గందరగోళం ఎందుకు వస్తోంది? అప్లై చేయాల్సింది అలవెన్స్ ఇచ్చేవారు, అంటే ఆదాయం లేనివారు. డబ్బు వచ్చేది పుచ్చుకునేవారికి. "నేను అప్లై చేశాను, నాకేం రాలేదు" అని భార్య, "నా పేరు మీద ఏదో లెటర్ వచ్చింది, నేనేం అడగలేదే" అని భర్త. ఈ తిరకాసు ఒక్క రోజులో పుట్టలేదు. పెళ్లయిన ఇద్దరిని ట్యాక్స్ దృష్టిలో ఒకరిగా చూడాలా, ఇద్దరిగా చూడాలా అన్న వాదన బ్రిటన్‌లో రెండు వందల ఏళ్లు నడిచింది. మ్యారేజ్ అలవెన్స్ ఆ వాదనలో చివరికి కుదిరిన ఒక రాజీ.

ఇన్‌కమ్ ట్యాక్స్‌ను అప్పటి ప్రధాని విలియం పిట్ 1799లో ఫ్రాన్స్‌తో యుద్ధాల ఖర్చు కోసం తెచ్చాడు. పెళ్లయిన స్త్రీ ఆదాయాన్ని భర్త ఆదాయంగానే లెక్కించే పద్ధతి ఆ తొలి రోజుల నుంచే ఉంది. అప్పటి చట్టంలో పెళ్లయిన స్త్రీకి సొంత ఆస్తి హక్కే దాదాపు లేదు, కాబట్టి అప్పట్లో ఎవరికీ వింతగా తోచలేదు. కానీ 1882లో ఆస్తి హక్కు వచ్చాక కూడా ట్యాక్స్ పద్ధతి మారలేదు. 1918లో భార్య ఉన్న మగవారికి అదనపు మినహాయింపు ఇవ్వడం మొదలుపెట్టారు. అదీ భర్తకే. 1970లో తిరగరాసిన చట్టంలో కూడా భర్తతో కలిసి ఉంటున్న స్త్రీ ఆదాయం ఆమెది కాదు, ఆయనది అన్న సూత్రం సెక్షన్ 37గా అలాగే నిలిచింది. ఆమె టీచరైనా, డాక్టరైనా, సొంత వ్యాపారం ఉన్నా రిటర్న్ వేయాల్సింది, ఆమె జీతం, వడ్డీ వివరాలు రాసి సంతకం పెట్టాల్సింది భర్తే.

రిఫండ్ విషయానికి వస్తే ఇది మరీ బాధ కలిగిస్తుంది. ఆమె జీతంలోంచి ఎక్కువ ట్యాక్స్ కోశారని తేలితే తిరిగొచ్చే డబ్బు భర్తకు వెళ్లేది. తన చెమటతో వచ్చిన డబ్బు తిరిగి ఎవరి చేతికి పోవాలో ఆమె నిర్ణయించుకోలేకపోయింది. 1978 ఫైనాన్స్ చట్టంతో, జీతంలోంచి కోసిన ట్యాక్స్ తిరిగి ఇవ్వాల్సి వస్తే దాన్ని భార్యకే ఇచ్చే హక్కు వచ్చింది. 1978 అంటే మన అమ్మల తరం ఉద్యోగాలు చేస్తున్న కాలం. అంత ఆలస్యంగా.

మధ్యలో 1972-73 నుంచి ఒక వెసులుబాటు ఇచ్చారు. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుంటే భార్య జీతాన్ని విడిగా లెక్కించవచ్చు. కానీ అందుకు భర్తకొచ్చే అదనపు మినహాయింపు వదులుకోవాలి. పెద్ద జీతాల వాళ్లకు తప్ప అది లాభించలేదు.

అసలు మార్పుకు పునాది 1986లో పడింది. ఆర్థిక మంత్రి నైజెల్ లాసన్ వ్యక్తిగత పన్నుల సంస్కరణ మీద ఒక గ్రీన్ పేపర్, అంటే చర్చకు పెట్టే ప్రతిపాదనల పత్రం, విడుదల చేశాడు. ఆయన ఆలోచన ఏమిటంటే, భార్యకూ భర్తకూ ఎవరి అలవెన్స్ వారికి సమానంగా ఉండాలి, ఒకరు వాడుకోలేకపోతే మొత్తం అలవెన్స్‌ను రెండోవారికి బదిలీ చేసుకోగలగాలి. మొత్తం అన్నది గమనించండి. ఇప్పటిలా పదో వంతు కాదు. దీనికి రెండు వైపుల నుంచి అభ్యంతరం వచ్చింది. ఖజానాకు చాలా ఖర్చు. పైగా ఇంట్లో ఉన్న స్త్రీ అలవెన్స్ భర్తకు వెళ్లిపోయాక ఆమె ఉద్యోగంలో చేరితే మొదటి పౌండ్ నుంచే ట్యాక్స్ కట్టాల్సి వస్తుంది, కాబట్టి స్త్రీలు ఉద్యోగాలకు వెళ్లకుండా ఇది వెనక్కి లాగుతుందని వాదించారు. ఆ వాదనలో బలం ఉందనే నా అభిప్రాయం. కానీ చిన్న పిల్లల కోసమో, వీసా ఇబ్బందుల వల్లనో ఉద్యోగం చేయలేని మనిషి అలవెన్స్ ఏటా గాలిలో కలిసిపోవడం కూడా న్యాయం కాదు.

చివరికి 1988 బడ్జెట్‌లో లాసన్ సగం దారిలో ఆగాడు. 1990 ఏప్రిల్ 6 నుంచి భార్య ఆదాయం భార్యదే, ఆమె రిటర్న్ ఆమెదే, ఆమె లెక్కలు భర్త చూడాల్సిన పని లేదు. ఒక్కొక్కరికి 3,005 పౌండ్ల సొంత అలవెన్స్. దాన్ని ఒకరికొకరు ఇచ్చుకోవడం కుదరదు. దానికి బదులు 1,720 పౌండ్లతో మ్యారీడ్ కపుల్స్ అలవెన్స్ అనేది విడిగా పెట్టారు. అది ముందు భర్తకు వెళ్తుంది, ఆయన ఆదాయం సరిపోకపోతేనే మిగిలింది భార్యకు. 1993 నుంచి భార్య సగం హక్కుగా అడగవచ్చని, ఇద్దరూ ఒప్పుకుంటే మొత్తం తనే తీసుకోవచ్చని మార్చారు.

ఆ అలవెన్స్ ఎక్కువ కాలం బతకలేదు. 1994లో దాని మీద వచ్చే ట్యాక్స్ తగ్గింపును ఆ మొత్తంలో 20 శాతానికి, మరుసటి ఏడాది 15 శాతానికి, 1999లో 10 శాతానికి కోశారు. గోర్డన్ బ్రౌన్ ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు, 2000 ఏప్రిల్‌లో ఎత్తేశారు. దంపతుల్లో ఒకరైనా 1935 ఏప్రిల్ 6కు ముందు పుట్టి ఉంటే మాత్రం ఇప్పటికీ వస్తుంది. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది ఈ పాతదాన్నీ కొత్త మ్యారేజ్ అలవెన్స్‌నూ కలిపేసుకుంటారు. రెండూ వేరు, రెండూ ఒకేసారి తీసుకోకూడదు.

తర్వాత పదిహేనేళ్లు మిగతావాళ్ల పెళ్లికి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ప్రత్యేకంగా ఏమీ లేదు. 2010 ఎన్నికల మేనిఫెస్టోలో కన్జర్వేటివ్ పార్టీ 750 పౌండ్ల అలవెన్స్ బదిలీని హామీ ఇచ్చింది. డేవిడ్ కామెరాన్ ప్రధాని అయ్యాడు కానీ లిబరల్ డెమోక్రాట్లతో కలిసి. వాళ్లకు ఈ ఆలోచన నచ్చలేదు. ప్రభుత్వం పెళ్లికి బహుమతి ఇవ్వకూడదన్నది వాళ్ల వాదన. అందుకే సంకీర్ణ ఒప్పందంలోనే, ఈ ప్రతిపాదన వస్తే ఓటింగ్‌కు దూరంగా ఉండే వీలు వాళ్లకు రాసిచ్చారు. చివరికి అదే మ్యారేజ్ అలవెన్స్‌గా 2014 ఫైనాన్స్ చట్టంలో చేరి, 2015 ఏప్రిల్ 6 నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి ఏడాది 1,060 పౌండ్లు, అంటే 212 పౌండ్ల లాభం. 40 లక్షలకు పైగా జంటలకు ఉపయోగపడుతుందని ప్రభుత్వం చెప్పింది. అడిగితే తప్ప రాని డబ్బు కాబట్టి మొదట్లో అడిగినవాళ్లు అందులో చాలా కొద్దిమందే.

లాసన్ అడిగింది మొత్తం, వచ్చింది పదో వంతు. పైగా హద్దులు పెట్టారు. పుచ్చుకునేవారు 20 శాతం ట్యాక్స్ పడే బేసిక్ రేట్‌లోనే ఉండాలి, అంటే మామూలుగా ఆదాయం 50,270 పౌండ్లు దాటకూడదు. స్కాట్లాండ్‌లో రేట్లు వేరు, అక్కడ ఆ హద్దు 43,662. దాటింది ఒక్క పౌండైనా ఆ ఏడాది 252 పూర్తిగా పోతుంది, కొద్దికొద్దిగా తగ్గడం ఉండదు. ఏడాది చివర్లో బోనస్ వచ్చిన సంతోషంలో దీన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. తర్వాత హెచ్‌ఎంఆర్‌సీ, అంటే యూకే పన్నుల శాఖ నుంచి లెటర్ వచ్చినప్పుడు టెన్షన్ మొదలవుతుంది.

అప్లికేషన్ ఇచ్చేవారి చేతిలో ఎందుకు పెట్టారో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. 1990 తర్వాత భార్య అలవెన్స్ ఆమె సొంతం. ఆమె అనుమతి లేకుండా భర్త దాన్ని తీసుకోవడానికి వీల్లేదు. సెక్షన్ 37 కాలం నాటి అన్యాయం మళ్లీ రాకుండా పెట్టిన కట్టుబాటు ఇది, దాన్ని నేను సమర్థిస్తాను. ఆచరణలో మాత్రం దీనివల్లే తప్పులు జరుగుతున్నాయి. భర్త తన లాగిన్‌తో, తన పేరుతో, తనే ఇచ్చేవాడినని అప్లై చేసేస్తాడు. అప్పుడు అతని అలవెన్స్ తగ్గి, ఆదాయం లేని భార్యకు వెళ్తుంది, ట్యాక్స్ పెరుగుతుంది. జీతంలోంచి ఎంత ట్యాక్స్ కోయాలో చెప్పే ట్యాక్స్ కోడ్ చూస్తే తెలిసిపోతుంది: పుచ్చుకున్నవారి కోడ్ చివర ఎం ఉంటుంది, మామూలుగా 1383ఎం. ఇచ్చినవారి కోడ్ చివర ఎన్ ఉంటుంది. ఉద్యోగం చేసే భర్త పేస్లిప్ మీద ఎన్ కనిపిస్తే అప్లికేషన్ తిరగబడిందని అర్థం. వెంటనే హెచ్‌ఎంఆర్‌సీకి చెప్పి సరిచేయించుకోవాలి.

రిఫండ్ తక్కువగా వచ్చిందన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం వేరు. 252 అనేది గరిష్ఠం. ఆ ఏడాది అసలు కట్టిన ట్యాక్స్ అంతకంటే తక్కువైతే, అంతవరకే తిరిగొస్తుంది. జనవరిలో యూకే వచ్చి మార్చి దాకా రెండు మూడు జీతాలే తీసుకున్నవారికి మొదటి ఏడాది ఇదే జరుగుతుంది. ఇంకొకటి: ఈ ఏడాదికి లాభం చేతికి డబ్బుగా రాదు, ట్యాక్స్ కోడ్ మారి నెలనెలా జీతంలో కొద్దికొద్దిగా కలుస్తుంది. పాత ఏళ్లదే విడిగా రిఫండ్‌గా వస్తుంది. సెల్ఫ్ అసెస్‌మెంట్ వేసేవారికి ఆ లెక్క రిటర్న్‌లో తేలుతుంది. వచ్చిన లెటర్‌లో ఆన్‌లైన్‌లో క్లెయిమ్ చేయమని ఉంటే మనమే చేయాలి. చెక్కు దానంతటదే ఇంటికి వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోకూడదు. అద్దె ఇల్లు మారి హెచ్‌ఎంఆర్‌సీలో అడ్రస్ మార్చుకోకపోతే ఆ లెటరే అందదు.

ఈ గందరగోళాన్ని ఆసరా చేసుకుని ఏజెంట్లు పుట్టుకొచ్చారు. "మీకు వెయ్యి పౌండ్లు రావాలి" అని ఫేస్‌బుక్‌లో ప్రకటన, రెండు నిమిషాల ఫారం, కింద కనపడని షరతులు. ఆ షరతుల్లో రిఫండ్ హక్కునే ఏజెంట్‌కు రాసిచ్చేసే పత్రం ఉండేది. ఒకసారి రాసిచ్చాక వెనక్కి తీసుకోవడానికి లేదు. తర్వాతి రిఫండ్‌లు కూడా వాళ్లకే వెళ్లి, సగం దాకా ఫీజు పట్టుకుని మిగతాది పంపేవాళ్లు. ఫిర్యాదులు ఎక్కువయ్యాక ప్రభుత్వం చట్టం మార్చింది. 2023 మార్చి 15 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ రిఫండ్‌ను ఇలా రాసిచ్చే పత్రాలు చెల్లవు. ఏజెంట్‌ను డబ్బు పుచ్చుకోవడానికి నామినేట్ చేసే పద్ధతి ఇంకా ఉంది, కానీ దాన్ని మనం రద్దు చేసుకోవచ్చు. అసలు ఏజెంట్ అవసరమే లేదు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా అప్లై చేయవచ్చు, ఇద్దరి నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్లు చేతిలో ఉంచుకోవాలి. పోస్టులో పంపాలంటే ఎంఏటీసీఎఫ్ అనే ఫారం ఉంది.

మన వాళ్లను ఆపేది ఎక్కువగా భయమే. "డిపెండెంట్ వీసా మీద నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్ అని ఉంది కదా, ఇది తీసుకుంటే వీసాకు ఇబ్బంది కాదా" అని అడుగుతుంటారు. మ్యారేజ్ అలవెన్స్ ప్రభుత్వ భత్యం కాదు. మనం కట్టే ట్యాక్స్‌లో తగ్గింపు. ఆ వీసా మీద తీసుకోకూడని పబ్లిక్ ఫండ్స్ జాబితాలో ఇది లేదు. నిజంగా జాగ్రత్త పడాల్సింది ఇండియా ఆదాయం దగ్గర. యూకే రెసిడెంట్ అయ్యాక హైదరాబాద్ ఫ్లాట్ అద్దె, విజయవాడ బ్యాంకులో ఎఫ్‌డీ వడ్డీ కూడా మామూలుగా అలవెన్స్ ఇచ్చే భార్య ఆదాయం లెక్కలోకి వస్తాయి. 2025 ఏప్రిల్ నుంచి కొత్తగా వచ్చినవారికి మొదటి నాలుగేళ్లు విదేశీ ఆదాయంపై మినహాయింపు అడిగే పద్ధతి వచ్చింది, కానీ దాన్ని అడిగిన ఏడాది పర్సనల్ అలవెన్స్, దాంతోపాటు మ్యారేజ్ అలవెన్స్ పోతాయి. చిన్న ఎఫ్‌డీ వడ్డీ కోసం దాన్ని ఎంచుకుంటే నష్టమే ఎక్కువ.

2017 నవంబర్ 29 నుంచి ఇంకొక మార్పు వచ్చింది. భాగస్వామి చనిపోయినా, అర్హత ఉన్న పాత ఏళ్లకు నాలుగేళ్ల వరకు వెనక్కి వెళ్లి అడగవచ్చు. అంతకుముందు ఆ డబ్బు ఆ మనిషితోనే పోయేది. దుఃఖంలో ఉన్న కుటుంబాలకు ఈ విషయం ఎవరో ఒకరు చెప్పాలి, వాళ్లంతట వాళ్లు వెతుక్కోలేరు.

ఒకసారి ఈ ఏడాదికి అప్లై చేస్తే రద్దు చేసేదాకా ఏటా అదే కొనసాగుతుంది. అలవెన్స్ ఇచ్చిన భార్యకు ఫుల్ టైమ్ ఉద్యోగం వచ్చిన రోజున ఆమె అలవెన్స్ 12,570 కాదు, 11,310. ఆదాయం దాన్ని దాటినచోట నుంచి ట్యాక్స్ పడుతుంది. ఉద్యోగం మొదలుపెట్టగానే ఆన్‌లైన్‌లో రద్దు చేసుకోవచ్చు, కానీ రద్దు మామూలుగా వచ్చే ఏప్రిల్ 6 నుంచే అమలవుతుంది, ఆ ఏడాదికి బదిలీ అలాగే ఉంటుంది. ఉద్యోగంలో చేరే నెల లెక్క వేసుకునేటప్పుడు ఈ 252 పౌండ్లను ముందే పక్కన పెట్టుకోవడం మంచిది.