అపోహలు - వాస్తవాలు: "అంతా స్కాన్‌లోనే తెలిసిపోతుంది కదండీ!"

విశాఖలో రేడియాలజిస్టుగా నేను రోజూ అడిగే ప్రశ్న ఒకటే. "ఏం ఇబ్బందితో వచ్చారు?" రోజూ వినే జవాబూ ఒకటే. "అది మీరే చెప్పాలి మేడమ్. అందుకే కదా ఇంత డబ్బు పెట్టి స్కాన్ తీయిస్తున్నాం." శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో తెల్లవారుజామున బస్సెక్కి, పరగడుపున వచ్చి కూర్చున్నవాళ్ల మీద నాకు కోపం రాదు. కానీ ఈ ఒక్క అపోహ వల్ల జనం ఎంత డబ్బు, ఎంత నిద్ర, ఒక్కోసారి ఎంత ఆరోగ్యం పోగొట్టుకుంటున్నారో కళ్లారా చూస్తున్నాను. అందుకే ముందు దీని సంగతి తేల్చి, మిగతావాటికి తర్వాత వస్తాను.

అపోహ: మిషన్ కొత్తదైతే చాలు, రోగమేంటో అదే చెప్పేస్తుంది. మనం నోరు విప్పక్కర్లేదు.

వాస్తవం: ఒంట్లో ఏమేం ఉన్నాయో మిషన్ చూపిస్తుంది. వాటిలో మీ బాధకు కారణం ఏదో చెప్పదు. మిషన్ ఎంత మెరుగైతే అన్ని ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి, మీరు చెప్పే మాటల అవసరం ఇంకా పెరిగింది.

1971లో లండన్‌లో మొదటిసారి ఒక పేషెంటు తలకి సీటీ తీసినప్పుడు ఒక్కో స్లైస్‌కి (అడ్డకోత బొమ్మకి) దాదాపు 5 నిమిషాలు పట్టింది. బొమ్మలో అడ్డంగా 80, నిలువుగా 80 గళ్లు, అంతే. అయినా అదొక అద్భుతం. ఆ మిషన్ తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్‌కి, దాని వెనక లెక్కలు కట్టిన కార్మాక్‌కి 1979లో నోబెల్ ఇచ్చారు. ఇప్పుడు మీరు ఒక్కసారి ఊపిరి బిగబట్టేలోపు ఛాతీ మొత్తాన్ని మిల్లీమీటరు కన్నా పల్చటి స్లైసులుగా తీసేస్తున్నాం. ఎక్స్-రేలో ఎన్నడూ కనిపించని మూడు మిల్లీమీటర్ల మచ్చ కూడా ఇందులో కనిపిస్తుంది. కనిపించిందంటే రిపోర్టులో రాయాలి. రాశామంటే చదివినవాళ్ల గుండె గుభేలుమంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ నడుం ఎమ్మారైతోనే. మధురవాడ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు వాళ్లమ్మతో కలిసి వచ్చాడు. రిపోర్టు అంతకుముందే వేరేచోట తీయించుకున్నది. "ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్" అన్న లైను కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు. అంటే నడుం దగ్గర నాలుగు, ఐదో పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల కాస్త బయటికి ఉబ్బిందని. ఆ లైను ఫోన్‌లో వెతికి చదువుకున్న రోజునుంచి వంగడం మానేశాడు, నడక మానేశాడు, మూడేళ్ల కూతుర్ని ఎత్తుకోవడం మానేశాడు. ఆవిడైతే నా చెయ్యి పట్టుకుని, "మా బాబుకి నడుం పోయిందట కదమ్మా, ఆపరేషన్ చేస్తే లేస్తాడా?" అని ఏడుపు. కాళ్లలో బలం చూశాను, బాగుంది. నొప్పి నడుం దాటి కాల్లోకి దిగడం లేదు. తిమ్మిరి లేదు. నేను ఆవిడకి చెప్పింది ఇదే: "అమ్మా, ఈ బల్జ్ మీ వయసువాళ్లని పదిమందిని వరసగా పడుకోబెట్టి తీస్తే ఎక్కువమందికి కనిపిస్తుంది. వాళ్లలో సగంమందికి నడుం నొప్పంటేనే తెలియకపోవచ్చు."

ఊరడించడానికి అన్న మాట కాదది. అసలు నడుం నొప్పే లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూసిన సమీక్ష 2015లో వచ్చింది. 20 ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి డిస్క్ అరుగుదల, 30 శాతం మందికి బల్జ్ ఉన్నాయి. 50 ఏళ్లకి అవి 80 శాతం, 60 శాతం. 80 ఏళ్లకి 96, 84. మళ్లీ చెబుతున్నా, వీళ్లెవరికీ నొప్పి లేదు. జుట్టు నెరిసినట్టే డిస్కులూ అరుగుతాయి. మరి నొప్పి ఉన్న మనిషిలో కనిపించిన బల్జే కారణమని ఎలా తేల్చుకోవాలి? మీరు చెప్పిన దాన్నిబట్టే. ఏ కాలు గుంజుతోంది, ఎక్కడిదాకా గుంజుతోంది, తిమ్మిరి బొటనవేలి వైపా చిటికెన వేలి వైపా, దగ్గితే పెరుగుతోందా? కుడికాలు లాగుతున్న మనిషికి బల్జ్ ఎడమవైపు ఉంటే ఆ నొప్పిని దాని నెత్తిన రుద్దలేం. "మీరే చెప్పండి" అని మీరు ఊరుకుంటే, రిపోర్టులో కనిపించినవన్నీ వరసగా రాయడం తప్ప మాకు దారి లేదు. ఆ వరస చదివి మీరు భయపడతారు.

అలాగని నడుం నొప్పిని తేలిగ్గా తీసుకోమనడం లేదు. కాలో పాదమో పడిపోతున్నా, మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండానే కారిపోతున్నా, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడ గంటలు కూడా లెక్కే. నొప్పితోపాటు జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉన్నా ముందే చెప్పండి.

ఊపిరితిత్తుల్లో కనిపించే నాడ్యూల్ (చిన్న గుండ్రటి మచ్చ) సంగతీ ఇంతే. గాజువాక నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారు ఒకాయనకి దగ్గు తగ్గకపోతే సీటీ తీశాం. కుడివైపు పైభాగంలో ఎనిమిది మిల్లీమీటర్ల నాడ్యూల్. సంగతి చెప్పగానే ఆయన ముఖం పాలిపోయింది. పాత స్కాన్లు ఏమైనా ఉన్నాయా అంటే లేవన్నారు. పక్కనున్న కోడలు, "మామయ్యా, కరోనా అప్పుడు తీయించాం కదా, బీరువా మీద పెద్ద కవరు అదే" అంది. మర్నాడు పట్టుకొచ్చారు. 2021 నాటి హెచ్ఆర్‌సీటీ, అంటే ఊపిరితిత్తుల సీటీ. అప్పట్లో అందరి చూపూ "25కి ఎంత" అన్న కరోనా తీవ్రత స్కోరు మీదే కదా, మిగతాది ఎవరూ చదవలేదు. రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూస్తే అదే చోట, అదే సైజులో ఆ మచ్చ. గట్టి నాడ్యూల్ రెండేళ్లకు పైగా పెరగకుండా ఉందంటే క్యాన్సర్ కాదనే మేం భావిస్తాం. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, కాలేజీ రోజుల్లో టీబీ మందులు వాడానని! మన దేశంలో ఇలాంటి పాత టీబీ మచ్చలు కొల్లలు. ఆ కవరు చిత్తు కాగితాలవాడికి వేసేసి ఉంటే ఆయన నెలల తరబడి మళ్లీ మళ్లీ సీటీలు తీయించుకుంటూ, ప్రతిసారీ వణుకుతూ గడపాల్సి వచ్చేది. పాత ఫిల్ములు, సీడీలు పారేయకండి. కొత్త మిషన్ కన్నా అవే ఒక్కోసారి ఎక్కువ చెబుతాయి.

చెప్పకపోవడం ప్రాణం మీదికి, కంటి మీదికి తెచ్చే సందర్భాలూ ఉన్నాయి. ఎమ్మారై గదిలో 1.5 టెస్లా అయస్కాంతం ఉంటుంది. భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30 వేల రెట్లు. స్కాన్ జరగనప్పుడు కూడా అది ఆఫ్‌లో ఉండదు. పేస్‌మేకర్ గురించి చాలామంది చెబుతున్నారు, సంతోషం. కానీ ఆటోనగర్‌లో, షిప్‌యార్డ్ పనుల్లో గ్రైండింగ్, వెల్డింగ్ చేసినవాళ్లకి ఎన్నడో కంట్లో పడిన ఇనుప రవ్వ గుర్తుండదు. ఫారంలో "ఒంట్లో లోహం ఉందా?" అన్నచోట "లేదు" అని టిక్కు పెట్టిన ఒకాయన్ని, "ఏం పని చేస్తారు బాబాయ్?" అని మా టెక్నీషియన్ అడిగాడు. "గ్రైండింగే బాబూ, ముప్పై ఏళ్లనుంచీ." ముందు కంటికి ఎక్స్-రే తీశాం. కంటి గుంతలో చిన్న తెల్ల చుక్క. ఎమ్మారై ఆపేసి సీటీకి మార్చాం. ఆ రవ్వ అయస్కాంతానికి కదిలితే చూపే పోవచ్చు.

పక్షవాతంలోనూ మిషన్‌కి తెలియని ముఖ్యమైన సంగతి ఒకటుంది: ఎన్ని గంటలకి మొదలైంది? మొదటి గంటల్లో తీసిన సీటీ నార్మల్‌గా రావచ్చు. "స్కాన్ బాగుందట, గ్యాస్ అయ్యుంటుంది" అని ఇంటికి తీసుకుపోకండి! అప్పుడు సీటీ తీసేది ముఖ్యంగా రక్తస్రావం లేదని తేల్చుకోవడానికి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. పొద్దున లేచేసరికి మూతి వంకరపోయిందంటే, రాత్రి చివరిసారి మామూలుగా ఎప్పుడు మాట్లాడారో ఇంట్లోవాళ్లే చెప్పాలి. 108కి ఫోన్ చేస్తూనే ఆ టైం ఒక కాగితం మీద రాసుకోండి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

"ఎక్స్-రే తీస్తే క్యాన్సర్ వస్తుంది." ఛాతీ ఎక్స్-రేలో అందే రేడియేషన్ సుమారు 0.1 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ మోతాదు కొలత). ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి అందే ప్రపంచ సగటు 2.4. మన భీమిలి తీరం ఇసుకలోనే రేడియేషన్ వెలువడే థోరియం ఉన్న మోనజైట్ ఖనిజం ఉంది, అయినా షికారు మానేశామా? కడుపు సీటీలో మాత్రం సుమారు 8 దాకా ఉంటుంది. అవసరం లేకుండా తీయించుకోవద్దు, అవసరమైతే భయపడి మానొద్దు. గర్భం ఉందన్న అనుమానం ఉంటే ముందే చెప్పండమ్మా.

"ఎమ్మారైలో కూడా రేడియేషన్ ఉంటుంది." ఉండదు. అల్ట్రాసౌండ్‌లోనూ ఉండదు.

"ఎమ్మారై ఖరీదు ఎక్కువ కాబట్టి అన్నిటికీ అదే మంచిది." తప్పు. కిడ్నీలో రాయికి, తలకి దెబ్బ తగిలినప్పుడు, ఊపిరితిత్తులకి సీటీయే మేలు. పిత్తాశయంలో రాళ్లకి ముందు మామూలు అల్ట్రాసౌండ్ చాలు.

"ఇక ఏఐ వచ్చేసింది, డాక్టరు చూడక్కర్లేదు." ఛాతీ ఎక్స్-రేలో టీబీని గుర్తించే సాఫ్ట్‌వేర్‌ని వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది, 15 ఏళ్లు దాటినవాళ్లకి. డాక్టర్లు తక్కువున్న ఏజెన్సీ ప్రాంతాలకి అది వరమే. అయితే మాస్టారి బీరువా మీద కవరు సంగతి దానికి ఎవరు చెబుతారు?

"కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే మందు) ఇస్తే కిడ్నీలు పోతాయి." కిడ్నీలు బాగున్నవాళ్లకి ఈ భయం అక్కర్లేదు. ముందే దెబ్బతిన్నవాళ్ల విషయంలో జాగ్రత్త తప్పదు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్లని నేను ప్రత్యేకంగా అడుగుతాను, మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుందా అని. అక్కడ పైకి బాగానే ఉన్న మనిషికి కూడా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) ఎక్కువ ఉండొచ్చు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, ఆయాసం ఉన్నా, ఇదివరకు ఏ ఇంజెక్షన్‌కైనా దద్దుర్లు వచ్చినా చెప్పండి. రక్తపరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగమంటే కాసేపు ఆగండి. డబ్బు గుంజడానికి అడిగే టెస్టు కాదది.