కాకతీయ: ఒక పేరు, అనేక నివాసాలు

హనుమకొండ

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మన ఓరుగల్లు ప్రాంతంలో పుట్టి పెరిగినవారిలో 'కాకతీయ' అనే మాటను ఎప్పుడు నేర్చుకున్నారో చెప్పగలిగినవారు అరుదు. బడిలో చరిత్ర పాఠం మొదలు కాకముందే అది దుకాణాల బోర్డుల మీద కంటికి, బస్టాండులోనూ రైల్వే స్టేషన్లోనూ చెవికి పరిచయమైపోతుంది. ఆ పేరుతో ఒక రాజవంశం ఉన్నది, ఒక విశ్వవిద్యాలయం ఉన్నది, ఒక వైద్య కళాశాల, ఒక పెద్ద కాలువ, ఒక విద్యుత్ కేంద్రం, ఒక రైలు, చెరువుల బాగుకోసం వచ్చిన ఒక ప్రభుత్వ పథకం ఉన్నాయి. ఇన్నింటికి ఒకే పేరు ఎందుకని అడిగితే పెద్దలు 'మన రాజుల పేరు గదా' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ జవాబులో తప్పు లేదు గాని, అందులో అసలు సంగతి చాలావరకు బయటనే ఉండిపోతుంది. ఒక పేరు ఒకదాన్నుంచి మరొకదానికి పోయేటప్పుడు తన అర్థమంతటినీ మూటగట్టుకొని పోదు. ముందుదానిలోని ఏదో ఒక్క గుణాన్ని పట్టుకొని పోతుంది, మిగిలినదాన్ని అక్కడే వదిలేస్తుంది. కాకతీయ అనే మాట ఎక్కడెక్కడ ఏమేమి పట్టుకొని పోయిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

మాట నిర్మాణంతో మొదలుపెడతాను. భారతం నుంచి భారతీయ, జాతి నుంచి జాతీయ వచ్చినట్లే కాకతి నుంచి కాకతీయ వచ్చింది. అంటే ఇది మొదటినుంచీ 'ఫలానాదానికి చెందిన' అనే అర్థంగల విశేషణం. మరి ఆ కాకతి ఏమిటి? దీనికి పాతకాలంవారే రెండు రకాలుగా సమాధానం చెప్పారు. ప్రతాపరుద్రీయం అనే అలంకార గ్రంథానికి వ్యాఖ్యానం రాసిన కుమారస్వామి సోమపీథి, కాకతి అంటే ఏకశిలానగరపు, అంటే ఓరుగల్లు, ప్రభువుల కులదేవత అయిన దుర్గ అని చెప్పాడు. కాకతీయ రాజు గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు దగ్గరి శాసనమేమో వెన్నడు అనే పూర్వికుడు కాకతి అనే చోట ఉండి పాలించినందువల్ల అతని వంశంవారికి ఆ పేరు వచ్చిందని చెబుతుంది. ఒకరి మాటలో కాకతి దేవత, మరొకరి మాటలో ఊరు. నాకైతే ఈ రెండింటి మధ్య పెద్ద తగాదా కనబడదు. మన పల్లెల్లో అమ్మవారి పేరు ఊరికి, ఊరి పేరు అమ్మవారికి అంటుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామంలో కాకతమ్మ పేరు ఏకవీర పేరు పక్కనే వస్తుంది కాబట్టి ఆ దేవతకు ఈ నగరంలో పూజలు జరిగేవన్నది మాత్రం స్పష్టం. విచిత్రమేమిటంటే, ఈనాడు మన నోళ్లలో భద్రకాళి, పద్మాక్షి పేర్లు ఆడినంతగా కాకతమ్మ పేరు ఆడదు. ఇన్నింటికి పేరు పంచిపెట్టిన తల్లే వెనుకకు జరిగింది.

దేవత పేరు వంశానికి వచ్చినప్పుడు దాని వెంట వచ్చింది రక్షణ. మా వెనుక ఈ శక్తి ఉన్నదని చెప్పుకోవడం సామంతులకు అవసరం, ఎందుకంటే రెండవ ప్రోలరాజు కాలం దాకా వీరు కల్యాణి చాళుక్యుల కింద ఉన్నవారే. ఆయన కుమారుడు రుద్రదేవుడు స్వతంత్రుడై 1163లో హనుమకొండలోని వేయిస్తంభాల గుడి శాసనాన్ని వేయించిన తరువాత ఆ పేరు ఒక కుటుంబపు గుర్తుగా ఉండటం మాని ఒక రాజ్యపు గుర్తుగా మారసాగింది. ఇక్కడ మీరు ఒక విషయాన్ని నిదానంగా ఆలోచించాలి. గణపతిదేవుని తరువాత ఆయన కుమార్తె రుద్రమదేవి రాజ్యమేలింది. ఆమె భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడు. ఆమె తరువాత సింహాసనమెక్కిన ప్రతాపరుద్రుడు ఆమె కుమార్తె ముమ్మడమ్మ కొడుకు. ఆయనకు గద్దె వచ్చింది తండ్రి నుంచి కాదు, అమ్మమ్మ నుంచి. అయినా ఆ కాలపువారు గాని తరువాతివారు గాని ఆయనను కాకతీయుడు కాదని అనలేదు. అంటే 13వ శతాబ్దం ముగిసేనాటికే ఈ మాట తండ్రి నుంచి కొడుకుకు పోయే వరుసను దాటి, ఓరుగల్లు గద్దె మీద కూర్చున్నవారి పేరుగా సాగిపోయింది. ఒక పేరు వ్యాపించడమనే పని ఈ కాలపు బోర్డులతో మొదలు కాలేదనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

1323లో ఢిల్లీ సేనలు ఉలుగ్ ఖాన్ నాయకత్వంలో ఓరుగల్లును పట్టుకొని దానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టాయి. ఆ కొత్త పేరు నిలువలేదు. రాజ్యం పోయింది గాని పాత పేరు రెండు దారుల్లో బతికింది. బస్తరు రాజులు తాము ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుని సంతతివారమని, కాకతీయులమని ఇరవయ్యో శతాబ్దం దాకా చెప్పుకున్నారు. అది వంశపు దారి. రెండవది మనవాళ్ల దారి, అది కాలపు దారి.

మన పల్లెల్లో ఏ పాత గుడినైనా, ఏ పాత చెరువునైనా, పొలం గట్టున పడి ఉన్న చెక్కుడు రాయినైనా చూపి ఇది ఎప్పటిదని అడగండి. 'కాకతీయుల నాటిది' అంటారు. ఈ వాక్యంలో కాకతీయ అనే మాటకు రాజు అనే అర్థం దాదాపు లేదు; మా తాతల జ్ఞాపకానికి కూడా అందనంత పాతది అన్నదే అక్కడి అర్థం. దానిలో కొంత లాభమూ కొంత నష్టమూ ఉన్నాయి. లాభమేమిటంటే, ఆ ఒక్క మాట వల్ల ఊరివారికి ఆ రాయి మీద గౌరవం ఏర్పడుతుంది, దాన్ని పగులగొట్టి పునాదిలో వేయడానికి చెయ్యి వెనుకాడుతుంది. నష్టమేమిటంటే, కాకతీయులకంటే ముందు ఇక్కడ ఏలిన రాష్ట్రకూటుల, కల్యాణి చాళుక్యుల కాలపు గుళ్లు, జైన బసదులు తమ సొంత పేరును పోగొట్టుకొని ఈ పెద్ద పేరు నీడలోకి వెళ్లిపోతాయి. కట్టించినవారి సంగతి కూడా అంతే. పాలంపేటలోని రామప్ప గుడిని 1213లో కట్టించినవాడు రాజు కాదు, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. బయ్యారం చెరువు మైలాంబది. సామంతులు, సేనానులు, రాజకుటుంబపు స్త్రీలు వేరువేరుగా చేసిన పనులన్నీ ఇప్పుడు ఒకే సంచిలో పడి 'కాకతీయులు కట్టించినవి' అయ్యాయి. పెద్ద పేరుకు ఇటువంటి ఆకలి ఉంటుంది.

రామప్ప మాట వచ్చింది గనుక ఒక చిన్న పక్కదారి పడతాను. ఆ గుడిలో వెలసిన దేవుడు రామలింగేశ్వరుడు. దాన్ని చెక్కిన శిల్పి పేరు రామప్ప అని జనం చెప్పుకుంటారు. పక్కనున్న చెరువూ రామప్పే. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు పత్రికలన్నీ కట్టించినవాని పేరును కాక ఈ పేరునే పెద్ద అక్షరాలలో వేశాయి. కాకతీయ అనే పేరు తన కింది వారందరి పనినీ మింగితే, ఇక్కడ మాత్రం ఒక శిల్పి పేరుగా చెప్పుకునే మాట సేనాని పేరును పక్కకు నెట్టింది. పేర్ల విషయంలో అధికారం ఎప్పుడూ గెలుస్తుందని అనుకోకండి.

ఇక మన కాలానికి వద్దాం. ఇరవయ్యో శతాబ్దంలో లక్ష్మణరాయ పరిశోధక మండలి వంటి సంస్థలు తెలంగాణ శాసనాలను వెదికి, చదివి, అచ్చువేసిన తరువాత చదువుకున్నవారిలో కాకతీయులు కథలోని రాజులుగా కాక చరిత్రలోని రాజులుగా నిలబడ్డారు. ఆ తరువాత సంస్థలకు ఆ పేరు పెట్టడం మొదలైంది. వరంగల్‌లో వైద్య కళాశాల 1959లో వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఇక్కడ ఉన్న స్నాతకోత్తర కేంద్రం 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమైంది. వైద్యానికి, కాకతీయులకు ప్రత్యేక సంబంధం ఏముంది అని అడిగితే సమాధానం చెప్పడం కష్టం. అక్కడ అరువు తెచ్చుకున్నది గౌరవాన్ని. ఒకప్పుడు రాజధానిగా వెలిగిన నగరం తన పాత స్థాయిని గుర్తు చేసుకొని పెట్టుకున్న పేర్లు అవి.

కాలువ కథ వేరు, నాకు అన్నింటికంటే ఇష్టమైనదీ అదే. గోదావరి మీద పోచంపాడు దగ్గర 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి మూడు ప్రధాన కాలువలు బయలుదేరుతాయి. ఒకటి సరస్వతి, ఒకటి లక్ష్మి, మూడవది కాకతీయ. మొదటి రెండూ దేవతల పేర్లు, మూడవది రాజుల పేరు అని చూసేవారికి అనిపిస్తుంది. కాని మీరు ఇప్పుడే చదివారు కదా, కాకతి కూడా దేవతే. పేరు పెట్టినవారు దీన్ని ఆలోచించి ఉండకపోవచ్చు. వారి మనసులో ఉన్నది చెరువులు తవ్వించిన రాజులే కావచ్చు. ఆలోచించినా ఆలోచించకపోయినా, మూడు కాలువలకూ ముగ్గురు అమ్మవార్లే దొరికారు. ఆ కాలువ సుమారు 284 కిలోమీటర్ల పొడవున కరీంనగర్ దగ్గరి దిగువ మానేరు జలాశయం మీదుగా వరంగల్ వైపు వస్తుంది, దారిలోని ఎన్నో చెరువులను నింపుతుంది. ఈ పేరు ఇక్కడ గౌరవాన్ని మాత్రమే తెచ్చుకోలేదు, పనిని కూడా తెచ్చుకున్నది.

2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకానికి ఈ మాట మరింత సూటిగా అతికింది. రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులలో పూడిక తీసి, కట్టలు గట్టిచేయాలన్నది ఆ పథకం ఉద్దేశం. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు సుమారు ఎనిమిది శతాబ్దాలు గడిచినా నీళ్లు పట్టుకొని ఉన్నాయి కాబట్టి చెరువుల పనికి ఆ పేరు పెడితే ఎవరికీ వివరించి చెప్పవలసిన అవసరం రాలేదు. ఇక భూపాలపల్లి దగ్గర చెల్పూరులో ఉన్న కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రానికి వస్తే అక్కడ దేవత లేదు, చెరువు లేదు, గుడి లేదు. అక్కడ కాకతీయ అంటే 'ఓరుగల్లు వైపుది' అని మాత్రమే. మైలాంబ శాసనం చెప్పినదే నిజమైతే ఒక ఊరి పేరుగా బయలుదేరిన మాట ఇంత తిరిగి మళ్లీ ఒక ప్రాంతపు పేరుగానే స్థిరపడిందన్నమాట.

ఇన్ని అర్థాలుంటే జనం తికమక పడరా అని మీకు సందేహం రావచ్చు. పడరు. వాడుకలో ప్రతి అర్థానికీ తోడుగా ఒక క్రియ ఉంటుంది, అది చాలు. 'కాకతీయల నీళ్లు ఇడిసిండ్రట' అంటే కాలువ. 'మా అక్క కాకతీయల పీజీ చేసింది' అంటే విశ్వవిద్యాలయం. 'కాకతీయకు పోతే పొద్దుగూకేవరకు ఇల్లు చేరుతం' అంటే రైలు. వెనుకనున్న కాలువ, విశ్వవిద్యాలయం, ఎక్స్‌ప్రెస్ అనే మాటలను జనం ఎప్పుడో జారవిడిచారు. కొన్నిచోట్ల ముందున్న మాటను కూడా అరగదీశారు. విశ్వవిద్యాలయం కేయూ అయింది, వైద్య కళాశాల కేఎంసీ అయింది, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) కుడా అయింది. కుడా ప్లాటు కొన్నవారి మాటలో కాకతి అనే తల్లికి మిగిలింది ఒక్క 'కు' అనే అక్షరంలో సగం. ఇది చూసి మీరు బాధపడనవసరం లేదు, కాని ఆ అక్షరం ఎక్కడిదో తెలిసి ఉండటం మంచిదని నా అభిప్రాయం.

ఇప్పటిదాకా నేను చెప్పినవాటిలో ఎక్కువ భాగం ఎవరో కూర్చొని నిర్ణయించి పెట్టిన పేర్లు. ఎవరూ నిర్ణయించకుండా ఇంటి వాకిట్లోనే అర్థాలు పెంచుకున్న మాట కూడా మనకు ఉన్నది. అది బతుకమ్మ. తంగేడు, గునుగు పూలతో తాంబాళంలో అంతస్తులుగా పేర్చినది బతుకమ్మ. దానిలో నిలిపి కొలిచే గౌరమ్మా బతుకమ్మే. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల పండుగ బతుకమ్మ, చుట్టూ తిరుగుతూ చప్పట్లతో వేసే ఆటా బతుకమ్మే. పేర్చడం, కొలవడం, ఆడటం, చెరువులో వేయడం అనే పనులన్నీ ఒకే సాయంత్రం ఒకే చేతుల మీదుగా జరుగుతాయి కాబట్టి ఒక్క పేరు వాటన్నింటికీ పాకింది. కాకతీయ అనే పేరు శతాబ్దాలను దూకి పోయింది. బతుకమ్మ మాత్రం పక్కపక్కనున్నవాటిని తాకుతూ పోయింది. 'బతుకమ్మ పేరుస్తున్నం' అంటే పూలు, 'బతుకమ్మ ఆడుతున్నం' అంటే ఆట, 'బతుకమ్మకు తల్లిగారింటికి పోతున్న' అంటే పండుగ. క్రియ మారితే వస్తువు మారుతుంది.

ఆ మాటకు కూడా ప్రభుత్వం నుంచి ఒక కొత్త అర్థం వచ్చి చేరింది. 2017లో సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించిన చీరలను పండుగకు ఆడవారికి పంచడం మొదలుపెట్టి వాటికి బతుకమ్మ చీరలు అని పేరు పెట్టారు. పండుగకు కట్టుకునే చీర ఏదైనా బతుకమ్మ చీరే కావాలి కదా. కాని ఆ పంపిణీ మొదలైన తరువాత మీ అమ్మలు, నాయనమ్మలు 'బతుకమ్మ చీర' అన్నప్పుడు చెప్పింది దుకాణంలో ఏరికోరి కొన్న పట్టుచీరను గురించి కాదు, పంపిణీలో తెచ్చుకున్నదాన్ని గురించే. సిరిసిల్లలో మగ్గం నడిపేవారి ఇళ్లలోనైతే అదే మాటకు ఆర్డరు, నెలల తరబడి పని, కూలి అనే అర్థాలు కూడా ఉండేవి. 2024లో ఆ పంపిణీ ఆగిపోయింది. ఈసారి పండుగకు ఊరికి వచ్చినప్పుడు మీ అమ్మలు, నాయనమ్మలు ఆ మాటను ఏ క్రియతో కలిపి వాడుతున్నారో విని, మీ జవాబులో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాత