అతామి కర్పూర వృక్షం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

జపానులో ఒక చెట్టుకు ప్రదక్షిణ చేస్తే ఆయుష్షు పెరుగుతుందంటారట, నిజమేనా అని అడిగారు. ఆ చెట్టు టోక్యోకు నైరుతి దిక్కున ఉన్న అతామి పట్టణంలో, కినోమియా అనే షింటో (జపాను వారి ప్రాచీన మతం) ఆలయం వెనుక ఉంది. అది కర్పూర వృక్షం. మనం హారతికి వెలిగించే కర్పూరాన్ని పూర్వం ఈ జాతి చెట్టు కలపను ఆవిరి పట్టి తీసేవారు. దాని వయస్సు రెండు వేల ఏళ్లు దాటిందని ఆలయం వారు చెబుతారు. మొదలు చుట్టుకొలత దాదాపు 24 మీటర్లు కనుక, మీలాంటి పిల్లలు పదిహేను ఇరవై మంది చేతులు చాచి పట్టుకుంటే గాని దానిని చుట్టలేరు.

షింటో ఆచారంలో దేవతలను ‘కామి’ అంటారు. కొండలోనూ జలపాతంలోనూ వయస్సు మీరిన చెట్టులోనూ కామి కొలువై ఉంటారని నమ్మి, అటువంటి చెట్టు మొదలుకు గడ్డితో పేనిన ‘షిమెనవా’ అనే తాడు కట్టి, దానికి తెల్లని మడత కాగితాలు వేలాడదీస్తారు. ఈ చెట్టును ఒకసారి చుట్టి వస్తే ఒక ఏడాది ఆయుష్షు పెరుగుతుందని, కోరికను ఎవరికీ చెప్పకుండా మనసులోనే ఉంచుకొని తిరిగితే అది నెరవేరుతుందని అక్కడి వారి విశ్వాసం. రావిచెట్టుకు ప్రదక్షిణలు చేసే మన అమ్మమ్మలకు ఇందులో వింతేమీ కనిపించదు.

నాకు మాత్రం అక్కడి పెద్దలు చెప్పుకొనే మరొక కథ ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. 1850 ప్రాంతంలో చేపల వేట హక్కుల విషయమై అతామిలో పెద్ద తగాదా వచ్చి, వ్యాజ్యం ఖర్చుల కోసం ఆలయంలోని ఏడు కర్పూర వృక్షాలలో అయిదింటిని నరికివేశారు. ఈ మహావృక్షానికి రంపం ఆనించబోగా, తల నెరసిన వృద్ధుడొకడు హఠాత్తుగా ప్రత్యక్షమై రెండు చేతులూ చాచి అడ్డుపడ్డాడట; రంపం రెండుగా విరిగింది, వృద్ధుడు మాయమయ్యాడు. అది దైవాజ్ఞ అని భయపడి వారు పని మానుకున్నారు.

ఆ వృద్ధుడు నిజంగా వచ్చాడా అని మీరు తప్పక అడుగుతారు. రుజువు చూపడం ఎవరికీ సాధ్యం కాదు. అయితే జపాన్ ప్రభుత్వం దీనిని సహజ స్మారకంగా ప్రకటించి రక్షణ కల్పించినది 1933లో. అంతకుముందు డబ్బు అవసరం ముంచుకొచ్చినప్పుడు గొడ్డళ్లకు అడ్డు నిలిచినది ఇటువంటి నమ్మకమేనని నేను గట్టిగా అనుకుంటున్నాను. ప్రదక్షిణ చేసినవారి ఆయుష్షు మాట ఎలా ఉన్నా, చెట్టు ఆయుష్షు పెరిగింది.

ఎప్పుడైనా అతామి వెళితే, మిగిలిన రెండవ చెట్టును కూడా చూడండి. పూర్వం పిడుగుపాటుకు గురైనా అది ఇంకా చిగురిస్తూనే ఉంది.

మీ తాతయ్య