ప్రాసెసర్‌లో 95 డిగ్రీలు చూసి కొత్త కూలర్ కొనకండి: అపోహలు - వాస్తవాలు

కొత్త డెస్క్‌టాప్ ఇంటికి తీసుకెళ్లిన రాత్రే చాలామంది హెచ్‌డబ్ల్యూఇన్ఫో వేసుకుంటారు, లోపలి వేడి, వోల్టేజీ చూపించే సాఫ్ట్‌వేర్ అది. మంచి అలవాటే. కాసేపటికి నాకు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ వస్తుంది: "అన్నా, ప్రాసెసర్ కాలిపోతోందా?" అప్పోసొప్పో చేసి కొన్న సిస్టమ్, టెన్షన్ ఉంటుంది. దానికి నేనేమీ అనను. నాకు కోపం వచ్చేది, ఏ ప్రాసెసరో కూడా అడక్కుండా "అర్జెంటుగా లిక్విడ్ కూలర్ పెట్టించు" అని సలహా ఇచ్చేవాళ్ల మీద.

అపోహ: 90 దాటిందంటే ప్రాసెసర్ పాడైపోతున్నట్టే, పెద్ద కూలర్ కొనాల్సిందే.

వాస్తవం: ఎక్కువమంది డబ్బు తగలేసుకునేది ఇక్కడే. 2022లో వచ్చిన ఏఎండీ ప్రాసెసర్లు రైజెన్ 7600ఎక్స్, 7700ఎక్స్, 7900ఎక్స్, 7950ఎక్స్‌లకు గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు. ఫుల్ లోడ్ పడితే ఆ 95 దాకా వెళ్లి, అక్కడ ఎంత క్లాక్ (అంటే పనిచేసే వేగం) దొరికితే అంత వాడుకునేలా ఏఎండీయే వాటిని తయారుచేసింది. పెద్ద కూలర్ పెడితే, వేడి తగ్గిన మేరకు ప్రాసెసర్ క్లాక్ పెంచుకుంటుంది. నంబరు చాలాసార్లు మళ్లీ 95 దగ్గరికే వస్తుంది. పరిమితి దాటబోతే క్లాక్, వోల్టేజీ అదే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి ఆగకపోతే సిస్టమ్ ఆఫ్ అయిపోతుంది. అంటే చిప్ తనను తాను కాపాడుకుంటోంది.

గుంటూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే తమ్ముడొకడు 7900ఎక్స్ తీసుకున్నాడు. రెండర్‌లో, అంటే ఎడిట్ చేసిన వీడియో తయారయ్యేటప్పుడు, 95 చూసి భయపడి, ఎవరో చెప్పారని లిక్విడ్ కూలర్ కొన్నాడు. అది పెట్టాక కూడా 95 చూపించేసరికి ప్రాసెసరే డిఫెక్ట్ అనుకుని, డబ్బా సర్దుకుని నా దగ్గరికి వచ్చాడు. పాపం, ముఖం వాడిపోయింది. ముందూ తర్వాతా తీసిన స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి చూపించాను. టెంపరేచర్ అదే, క్లాక్ మాత్రం కాస్త పెరిగింది. బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి, పవర్‌కి హద్దు పెట్టే ఎకో మోడ్ 105 వాట్స్‌కి పెట్టాం. మామూలుగా 230 వాట్స్ దాకా లాగే ప్రాసెసర్ 142 దగ్గర ఆగింది (105 మోడ్‌లో అసలు హద్దు అదే), టెంపరేచర్ డెబ్బైల్లోకి దిగింది. రెండర్ టైంలో తేడా అతనికి తెలియనే లేదు. దీనికి రూపాయి ఖర్చు లేదు, ముందే అడిగితే కూలర్ డబ్బు మిగిలేది.

పరిమితి అన్నింటికీ ఒకటి కాదు. 5800ఎక్స్‌కి 90, 7800ఎక్స్3డీకి 89, ఇంటెల్ ఐ5 12400కి 100. మీ మోడల్‌ది కంపెనీ సైట్‌లో చూసుకోండి.

అసలు చూడాల్సింది టెంపరేచర్ ఒక్కటే కాదు, ఎంత పవర్‌కి ఎంత టెంపరేచర్ అన్నది. 12400 లాంటి చిన్న ప్రాసెసర్ సినీబెంచ్ (ప్రాసెసర్ మీద ఫుల్ లోడ్ పెట్టే టెస్ట్) మొదలుపెట్టిన రెండు మూడు సెకన్లలోనే 100 తాకి, క్లాక్ పడిపోయి, థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) దగ్గర యస్ అని వస్తోందంటే అది ఫిట్టింగ్ లోపం. చాలాసార్లు స్టాక్ కూలర్ (ప్రాసెసర్‌తో పాటు వచ్చేది) నాలుగు కాళ్లలో ఒకటి సరిగా దిగి ఉండదు. కొరియర్‌లో వచ్చిన సిస్టమ్‌లలో ఇది మామూలే. మదర్‌బోర్డు వెనక నుంచి చూడండి: నాలుగు రంధ్రాల్లోనూ తెల్ల ప్లాస్టిక్ కొనలు విచ్చుకుని, మధ్యలో నల్ల పిన్ను కనిపించాలి. ఒకచోట కొనలు మూసుకుని ఉన్నాయంటే అదే మీ సమస్య. కూలర్ విడిగా కొన్నవాళ్లు అడుగున ప్లాస్టిక్ ఫిల్మ్ తీశారో లేదో చూడండి, దాంతోనే బిగించేసినవి నా బల్ల మీదికి ఇప్పటికీ వస్తున్నాయి. కూలర్ ఊడదీస్తే ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాయాలి.

అపోహ: ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు 30 డిగ్రీలే ఉండాలి.

వాస్తవం: మే నెలలో విజయవాడలో గదే 38 ఉంటే 30 ఎలా వస్తుంది? గాలి కూలరైనా లిక్విడ్ కూలరైనా గది వేడి కంటే కిందికి దించలేదు.

అపోహ: ఏ పనీ చేయకుండానే 1.45 వోల్టులు చూపిస్తోంది, తగ్గించాలి.

వాస్తవం: రైజెన్ 5600 లాంటి వాటిలో ఇది మామూలు. ప్రాసెసర్‌లోని ఒకటి రెండు కోర్లు క్షణకాలం వేగం పెంచుకున్నప్పుడు (బూస్ట్) వోల్టేజీ అలా లేస్తుంది, కరెంటు తక్కువే ఉంటుంది. అన్ని కోర్ల మీదా లోడ్ పడితే అదే దిగుతుంది. దీన్ని చూసి బయాస్‌లో ఫిక్స్‌డ్ వోల్టేజీ పెట్టి, ఆ తర్వాత బ్లూ స్క్రీన్లు వస్తున్నాయని రాకండి. ఆటోలో వదిలేయండి.

వోల్టేజీ గురించి నిజంగా పట్టించుకోవాల్సిన సందర్భం ఒకటుంది. ఇంటెల్ 13, 14 తరాల్లోని ఎక్కువ పవర్ మోడళ్లు అధిక వోల్టేజీ వల్ల దెబ్బతిన్నాయి. 2024 ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ (బయాస్ అప్‌డేట్‌తో ప్రాసెసర్‌కి అందే సవరణ) దాన్ని 1.55 వోల్టులకు పరిమితం చేసింది, తర్వాత ఇంకా సవరణలు వచ్చాయి. వీటిలో ఏది కొన్నా మొదటి రోజే బయాస్ అప్‌డేట్ చేయండి. ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అప్‌డేట్ బాగుచేయదు. వారంటీని ఇంటెల్ రెండేళ్లు పొడిగించింది, క్లెయిమ్ చేసుకోండి.

అపోహ: సాఫ్ట్‌వేర్‌లో 12 వోల్టుల లైను 10.9 చూపిస్తే ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును సిస్టమ్‌కి కావాల్సిన వోల్టేజీలకు మార్చే పవర్ సప్లై) పోయినట్టే.

వాస్తవం: సాఫ్ట్‌వేర్ ఆ బోర్డు సెన్సార్ లెక్క తప్పుగా చదివే అవకాశమే ఎక్కువ. ఏ లోడూ లేకుండా 127 డిగ్రీలు చూపించే సెన్సార్లు కూడా ఇలాంటివే, వైరు లేని పిన్నుల రీడింగులు. 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. బయాస్‌లో చూడండి. అనుమానం తీరకపోతే షాపులో మల్టీమీటర్ పెట్టించండి.

ఇంట్లో కరెంటు 180 వోల్టులకి పడిపోతోందని స్టెబిలైజర్ కొంటే ప్రాసెసర్ వోల్టేజీ మారదు. ఆ రెండింటికీ మధ్య ఎస్‌ఎంపీఎస్ ఉంది. అది 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేసే రకమో కాదో లేబుల్ చూడండి.

నాకు స్క్రీన్‌షాట్ పంపేటప్పుడు ఒక్క టెంపరేచర్ పంపితే ఏమీ చెప్పలేను. ప్రాసెసర్ మోడల్, కూలర్ ఏది, అప్పుడు ఏం నడుస్తోంది, ప్యాకేజ్ పవర్ (ప్రాసెసర్ మొత్తం లాగే పవర్) ఎన్ని వాట్స్, క్లాక్ ఎంత, గదిలో ఏసీ ఉందా లేదా, ఇవన్నీ రాయండి. లోడ్ పెట్టాక కనీసం పది నిమిషాలు ఆగి తీయండి.