తొలి టాకీ తేదీని సరిదిద్దిన సెన్సార్ కాగితం

తెలుగులో తొలి పూర్తి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని మనం చాలాకాలం నమ్మాం. ఆ తేదీ ఒక వ్యాసం నుంచి మరో వ్యాసానికి, ఒక పుస్తకం నుంచి మరో పుస్తకానికి పాకి, అనుమానించే అవసరమే లేనంతగా స్థిరపడిపోయింది. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలనూ సెన్సార్ వివరాలనూ గాలించి తీసిన తరువాత గానీ అసలు సంగతి తేలలేదు. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో సురభి నటులతో తీసిన ఆ చిత్రానికి బొంబాయిలో సెన్సార్ జరిగింది 1932 జనవరి 22న, అక్కడి కృష్ణా సినిమా హాలులో విడుదలైంది ఫిబ్రవరి 6న. సెన్సార్ కాని సినిమా నాలుగు నెలల ముందే ప్రేక్షకుల ముందుకు వచ్చే వీలు లేదు. కథానాయిక తమిళంలో, కథానాయకుడు తెలుగులో మాట్లాడిన 'కాళిదాస్' 1931 అక్టోబరు 31న వచ్చింది గనుక, ఆ రెండు చిత్రాల వరస కూడా దీనితో తారుమారైంది.

తేదీ దొరికింది గానీ సినిమా దొరకలేదు. అంతకు పదేళ్ల ముందు రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా మిగలలేదు. ఆనాటి రీళ్లు సెల్యులోజ్ నైట్రేట్ అనే పదార్థంతో చేసినవి. అవి సులువుగా అంటుకుంటాయి, వేడికీ తేమకూ జిగురుగా మారి చివరికి పొడిగా రాలిపోతాయి. వాటిలోని వెండి కోసం కరిగించడానికి అమ్మేసినవీ ఉన్నాయి. ఆడటం ఆగిపోయిన సినిమాకు మళ్లీ విలువ వస్తుందని ఆనాడు ఎవరూ అనుకోలేదు కాబట్టి, వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. తరువాత వచ్చిన అసిటేట్ ఫిల్ము మంటకు జడవకపోయినా, సరైన చల్లదనం లేకపోతే వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంది.

జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుణెలో ఏర్పడింది 1964లో, అంటే తెలుగు టాకీకి ముప్పై ఏళ్లు నిండాక. ఆ ఆర్కైవ్‌ను నడిపిన పి.కె. నాయర్ ఊరూరా తిరిగి రీళ్లు కూడబెట్టకపోతే దాదాసాహెబ్ ఫాల్కే చిత్రాల్లో మిగిలిన భాగాలు కూడా మనకు దక్కేవి కావు. 2003 జనవరిలో పుణెలోనే, ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో నైట్రేట్ రీళ్లు దాచిన చోట మంటలు లేచి ఎన్నో పాత చిత్రాలు బూడిదయ్యాయి. పుస్తకం అచ్చువేసినవారు జాతీయ గ్రంథాలయానికి ప్రతి పంపాలని 1954 నుంచి చట్టం ఉంది. ప్రతి సినిమాకూ వర్తించే అటువంటి చట్టం మాత్రం లేదు.

రీళ్ల గురించి ఈమాత్రమైనా మాట్లాడుకుంటున్నాం. పాటల పుస్తకాలు, కరపత్రాలు, వర్కింగ్ స్టిల్స్, షూటింగ్ స్క్రిప్టులు, ఒప్పంద పత్రాలు, ఖర్చుల చిట్టాల మాట ఎత్తేవారు మరీ తక్కువ. పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలిన దశాబ్దాల్లో మూతబడిన ఒక్కో నిర్మాణ కార్యాలయంతో పాటు అక్కడి బీరువాలూ ఖాళీ అయ్యాయి. ఇంటర్వెల్‌లో కొన్న పాటల పుస్తకం చాలా పాత చిత్రాలకు కథాసంగ్రహం, నటవర్గం, సాంకేతిక నిపుణుల పేర్లు అన్నీ ఒకేచోట దొరికే ఆధారం. వాటిని దాచిపెట్టింది ఎక్కువగా అభిమానులూ సేకర్తలే. 2019 డిసెంబరులో పాత సినిమాల పరిరక్షణకు పనిచేసే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ హైదరాబాదులోని అన్నపూర్ణ స్టూడియోలో ఫిల్ము పరిరక్షణపై శిక్షణ నిర్వహించింది. అలా నేర్చినవారి చేతికి రీళ్లతో పాటు ఈ కాగితాలూ అందాలి. 'భక్త ప్రహ్లాద' విషయంలో మనకు ఇప్పటికి మిగిలినవి ఆ సెన్సార్ నమోదు, పత్రికా ప్రకటనలు, కొన్ని ఛాయాచిత్రాలు మాత్రమే.